చంద్రకాంత: యంత్రం మంత్రంగా మారిన కథ

అద్భుతగాథలంటే అభ్యుదయ విమర్శకులకు కొంత చిన్నచూపు వుంది. రాజులు, కోటలు, మాయలు - వీటిలో ప్రజలకు పనికొచ్చేదేమిటని మనం అడుగుతాం. ప్రశ్న సరైనదే. కాని ఒకే కథను రెండు యుగాలు రెండు రకాలుగా ఎందుకు చెప్పుకున్నాయో పరిశీలించకుండా జవాబు దొరకదు. 1994లో దూరదర్శన్ ప్రసారం ప్రారంభించిన ‘చంద్రకాంత’ హిందీ సీరియల్ ఇందుకు మంచి ఉదాహరణ.

దానికి మూలం దేవకీనందన్ ఖత్రీ రాసిన 1888 నాటి నవల. ఖత్రీ కాశీ ప్రాంతపు చకియా, నౌగఢ్ అడవుల కాంట్రాక్టు చేసినవాడు. అక్కడి గుట్టల్లో, శిథిలమైన కోటల్లో తిరిగిన అనుభవమే ఆయన కథకు నేలయింది. నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు, విజయగఢ్ రాకుమారి చంద్రకాంతల ప్రేమ ఇందులో ఇతివృత్తం. కథ చెప్పే పద్ధతి మాత్రం పర్షియన్, ఉర్దూ దాస్తాన్‌ల నుంచి వచ్చింది. నిధిని దాచిన రహస్య కట్టడం ‘తిలిస్మ్’. వేషాలు మార్చి శత్రువును బోల్తా కొట్టించే వేగులవాడు ‘ఐయార్’. హిందీ, ఉర్దూల మధ్య గోడలు లేస్తున్న కాలంలో నాగరి లిపిలో వచ్చిన ఈ నవల ఉర్దూ సంపదను నిస్సంకోచంగా వాడుకుంది.

అయితే ఖత్రీ దాస్తాన్‌లోని మంత్రాన్ని తీసుకోలేదు. ఆయన ఐయార్ సంచిలో వుండేవి మత్తుమందు, స్పృహ తెప్పించే మందు, రంగులు. మనుషుల్ని మింగే రాతికొంగ కూడా చివరికి యంత్రమేనని తేలుతుంది. ఇక్కడ గెలిచేది మానవుడి నేర్పు. నిజమే, తిలిస్మ్‌ను ఛేదించే అదృష్టం ముందే రాకుమారుడి పేర రాసివుంటుంది. భూస్వామ్య భావజాలం అక్కడ చెక్కుచెదరలేదు. కాని శ్రమంతా ఐయార్లదే.

ఈ రచనలను ఉన్నత సాహిత్యంగా అంగీకరించని రామచంద్ర శుక్ల సైతం, హిందీకి ఇంతమంది పాఠకులను సంపాదించిన రచయిత మరొకడు లేడని ఒప్పుకున్నాడు. వీటిని చదవడం కోసమే ఎందరో హిందీ నేర్చుకున్నారు.

నీర్జా గులేరి నిర్మించిన సీరియల్‌లో ఆ యంత్రం మంత్రమైంది. నవలలో లేని పాత్రలు, మానవాతీత శక్తులు తెరనిండా చేరాయి. క్రూరసింగ్‌గా అఖిలేంద్ర మిశ్రా నటనకు పిల్లలు సైతం ముగ్ధులయ్యారు; ఇర్ఫాన్ ఖాన్ వంటి నటుడికీ అందులో చోటు దొరికింది. ఆ ప్రతిభను కాదనలేం. కాని నవల ‘ఇది ఎలా జరిగింది?’ అనే ప్రశ్నకు జవాబు చెప్పింది. సీరియల్ ఆ ప్రశ్నే అడగనివ్వలేదు.

ఈ మార్పు కేవలం దర్శకుడి అభిరుచి కాదు. 1987లో మొదలైన ‘రామాయణం’, దాని వెనుక వచ్చిన ‘మహాభారతం’ ఆదివారం ఉదయాన్ని అద్భుత దృశ్యాలకు అలవాటు చేశాయి. 1991 ఆర్థిక విధానాల తర్వాత, 1992లో జీ టీవీ రంగంలోకి దిగింది. ప్రేక్షకుణ్ణి ప్రకటనదారుకు అప్పగించే పోటీలో దూరదర్శన్ కూడా చిక్కుకుంది. వారం వారం కథ సాగాలంటే వివరణ అడ్డం. వివరణతో ముడి విడిపోతుంది. మంత్రానికి ఆ ఇబ్బంది లేదు.

కనుక తప్పు కల్పనది కాదు. ప్రజలు అద్భుతాన్ని కోరుకుంటారు. వలస పాలనలో ఒక అడవి కాంట్రాక్టరు దాన్ని హేతువుతో జోడించగలిగాడు. స్వతంత్ర భారతంలో ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఆ పని చెయ్యలేకపోయింది. మనం ఆలోచించవలసింది దీని గురించే.