ఎన్నికల రాత్రి – పత్రికల గడువు

ఓట్ల లెక్కింపు నాటి రాత్రి వెనుకటి రోజుల్లో రెండు పనులు ఏకకాలంలో సాగేవి. ఒకటి, మన వంటి ఉద్యోగులు బల్లల ముందు కూర్చుని ఓటు చీటీలు వేరుచేసి లెక్కపెట్టడం. రెండవది, పత్రికా కార్యాలయాల్లో ఆ లెక్క కోసం మొదటి పేజీలో జాగా వదిలిపెట్టి ఎదురుచూడడం. మొదటి పనికి గడియారంతో నిమిత్తం లేదు, లెక్క సరిపోతేనే అది ముగిసినట్టు. రెండవ పనికి మాత్రం నిమిషాలతో సహా గడువు ఉండేది. ఈ రెండింటి నడుమ నలిగిన ఫలితాల చరిత్రను, ఆ బల్లల ముందు కూర్చున్నవారే ఎక్కువమంది చదివే ఈ ప్రత్యేక సంచికలో ఒకసారి నెమరు వేసుకోవడం సముచితమని తలచాను.

1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికల్లో ఈ తొందర లేదు. అప్పుడు మనది హైదరాబాదు రాష్ట్రం. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద ఆయన గుర్తు. ఓటరు తనకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి వచ్చేవాడు. దేశమంతటా పోలింగు 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి దాకా సాగింది. ఫలితాలు కూడా అలాగే వారాల తరబడి వచ్చాయి. 1962 సాధారణ ఎన్నికల నాటికి వేరువేరు పెట్టెలు పోయి, ఒకే చీటీ మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. పోలింగు రోజులు తగ్గి, లెక్కింపు దాదాపు అన్నిచోట్లా ఒకేసారి మొదలయ్యే కాలం వచ్చింది. పత్రికలకు రాత్రి పరుగు అప్పటినుండే పట్టుకుంది.

లెక్కింపు ఎందుకు ఆలస్యమయ్యేదో మన సభ్యులకు చెప్పనక్కరలేదు గాని, మన పిల్లల కోసం చెప్పాలి. ముందు పోస్టల్ ఓట్లు. తరువాత ఒక్కొక్క పెట్టె విప్పి, అందులోని చీటీల సంఖ్య ప్రిసైడింగు అధికారి రాసి ఇచ్చిన లెక్కతో సరిపోయిందా లేదా అని చూడాలి. ఏ ఊరు ఎవరికి వేసిందో తెలియకుండా పలు కేంద్రాల చీటీలను కలిపేయాలి. అప్పుడు కట్టలు కట్టి, బల్లలకు పంచి, అభ్యర్థుల వారీగా విడదీయాలి. ముద్ర రెండు గళ్ళ మధ్య పడిన చీటీలు, ముద్రే లేని చీటీలు రిటర్నింగ్ అధికారి దగ్గరకు పోవాలి. ఏజెంట్ల అభ్యంతరాలు వినాలి. లోక్ సభకు, శాసనసభకు ఒకేసారి ఎన్నికలు జరిగిన 1989 వంటి సంవత్సరాల్లో తెల్ల చీటీలు, గులాబీ చీటీలు అని పని రెట్టింపయ్యేది. అంతా అయ్యాక కూడా, ఫలితం ప్రకటించక ముందు తిరిగి లెక్కించమని రాతపూర్వకంగా కోరే హక్కు అభ్యర్థికి ఉంది. ఇన్ని మెట్లు దాటేసరికి తెల్లవారేది.

ఇక పత్రిక సంగతి. ఢిల్లీ వార్తలు పి.టి.ఐ., యు.ఎన్.ఐ. సంస్థల టెలిప్రింటర్ల మీద ఇంగ్లీషులో వచ్చేవి. వాటిని ఉపసంపాదకులు తెలుగు చేయాలి. చేతి కూర్పు కాలంలో ఒత్తులు, గుణింతాలతో సహా ఒక్కొక్క అచ్చు ముక్కను ఏరి పేర్చాలి. మన బాన్సువాడకు రైలు లేదు. హైదరాబాదులో అచ్చయిన పత్రిక రోడ్డు మీద గంటల తరబడి ప్రయాణం చేసి రావలసిందే. అందుచేత దూరపు ఊళ్ళకు పోయే ప్రతులు ముందుగా అచ్చయ్యేవి. దానినే డాక్ ఎడిషన్ అనేవారు. నగరం ప్రతులు అన్నిటికంటె చివర అచ్చయ్యేవి. ఒకే తేదీ, ఒకే పేరు, ఒకే వెల, కాని నగరవాసి చదివిన వార్త మనకు మరునాడు గాని అందేది కాదు. ఈ లోటును రేడియో కొంత తీర్చేది. బజారులో ట్రాన్సిస్టరు ఉన్న దుకాణం ముందు జనం మూగడం మనమంతా చూచినదే.

ఈ తేడా ఎంత పెద్దదో 1977 తెలియజెప్పింది. ఆ మార్చి 20న లెక్కింపు మొదలయింది. మన రాష్ట్రంలో 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకు వచ్చాయి. జనతా పక్షాన నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే గెలిచారు. మన చుట్టుపక్కల ఫలితాలు మాత్రమే విన్నవాడికి ఇందిరాగాంధీ ప్రభుత్వం నిలిచిందనే తోచేది. ఉత్తరాదిలో జరిగినది దానికి పూర్తిగా విరుద్ధం. రాయ్‌బరేలీలో ఆమె స్వయంగా రాజ్‌నారాయణ్ చేతిలో 55,202 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ వార్త రాత్రి బాగా పొద్దుపోయాక గాని బయటికి రాలేదు. తెల్లవారితే 21న అత్యవసర పరిస్థితి తొలగింది. అంతటి వార్త ముందుగా అచ్చయి బయలుదేరిన ప్రతుల్లో ఎక్కడానికి వీలేది?

గాలి గట్టిగా వీచిన ఏట గడువు వల్ల పెద్ద నష్టం ఉండేది కాదు. 1983 జనవరి 5న పోలింగు జరిగితే, 9వ తేదీన లాల్ బహదూర్ స్టేడియంలో ఎన్.టి. రామారావు గారు ప్రమాణ స్వీకారం చేశారు. అటువంటప్పుడు నాలుగు స్థానాల లెక్క అందకపోయినా శీర్షిక తప్పదు. పోటీ బిగిసినప్పుడే చిక్కు. 1989 లోక్ సభ ఎన్నికల్లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ గారు కేవలం 9 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. లక్షల చీటీల్లో తొమ్మిది! ఒక్క కట్ట పొరపాటున పక్క అరలో పడితే చాలు, ఎంపీ మారిపోతారు. ఇటువంటి చోట పత్రిక తొందరపడితే ఏమవుతుంది?

ఏమవుతుందో అమెరికాలో 1948లోనే రుజువయింది. ఆ నవంబరు 2న అధ్యక్ష ఎన్నిక. షికాగో ట్రిబ్యూన్ పత్రికలో అచ్చు కార్మికుల సమ్మె నడుస్తుండడంతో మామూలు కంటె గంటల ముందే పేజీలు సిద్ధం చేయవలసి వచ్చింది. ఎలాగూ డ్యూయీయే గెలుస్తాడని అందరూ అనుకుంటున్నారు. ట్రూమన్‌ను డ్యూయీ ఓడించాడని పెద్దక్షరాలతో అచ్చు వేశారు. గెలిచినది ట్రూమన్. రెండు రోజుల తరువాత సెయింట్ లూయిస్ రైల్వే స్టేషనులో ఆయన ఆ పత్రికను రెండు చేతులా ఎత్తి చూపి నవ్విన ఫోటో ప్రపంచమంతా ఎరిగినదే. అక్కడ లెక్క తప్పలేదు, లెక్క పూర్తికాక ముందే శీర్షిక పెట్టడం తప్పింది.

చీటీల కాలం చివరి రోజుల్లో 1996 నల్లగొండ ఎన్నిక వచ్చింది. ఫ్లోరైడు నీటి బాధను దేశానికి తెలపాలని జనం వందల సంఖ్యలో నామినేషన్లు వేయగా చివరికి 480 మంది పోటీలో మిగిలారు. పోలింగు వాయిదా పడింది, ఓటు చీటీ పుస్తకమంత అయింది. 2004లో దేశమంతా ఓటింగు యంత్రాలు వచ్చాక కథ మారింది. ఆ మే 11న రాష్ట్రంలో ప్రభుత్వం మారిందన్నది పగలే తేలిపోయింది. 2019లో నిజామాబాదు లోక్ సభ స్థానానికి రైతులతో సహా 185 మంది నిలబడితే, ఒక్కొక్క కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టి పోలింగు జరిపారు. పత్రికలు కూడా జిల్లా కేంద్రాల్లోనే అచ్చు కావడంతో డాక్ ఎడిషన్ ప్రాముఖ్యం తగ్గింది.

అయితే తొందర పోయిందా? పోలేదు. అచ్చు యంత్రం నుండి టీవీకి, టీవీ నుండి చేతిలోని ఫోనుకు మారింది. 2023 డిసెంబరు 3న మన కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు, కొద్దిరోజుల్లో ముఖ్యమంత్రి కానున్న రేవంత్ రెడ్డి గారు ఇద్దరూ పోటీలో ఉన్నారు. లెక్కింపు సాగేకొద్దీ ఆధిక్యం చేతులు మారింది. మధ్యలో చూచి తీర్పు చెప్పినవారి మాట నిలవలేదు. చివరికి 6,741 ఓట్ల ఆధిక్యంతో గెలిచినవారు కాటిపల్లి వెంకటరమణారెడ్డి గారు.

ఆధిక్యం వేరు, ఫలితం వేరు. రిటర్నింగ్ అధికారి సంతకం పడేదాకా ఫలితం లేదు. పాత రోజుల్లో పత్రికలవారు ఫలితం ఆలస్యమైందని రాసేవారు. నిజానికి లెక్క తన వేళకే ముగిసేది, వారి గడువే ముందుగా వచ్చేది. ఏజెంట్లు అరిచినా, విలేకరులు కిటికీ దగ్గర నిలబడి అడిగినా, కట్ట మళ్ళీ విప్పి లెక్కపెట్టిన ఉద్యోగుల ఓపిక మీదనే ఆ తొమ్మిది ఓట్ల గెలుపు కూడా చెల్లుబాటయింది. వారి పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు. నేడు ఆ విధుల్లో ఉన్న మన పిల్లలకు, తమ్ముళ్ళకు ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత మనది. అడిగేవారు ఎంత తొందరపెట్టినా లెక్క సరిపోయాకే సంతకం చేయమని చెప్పుదాం.