వరద లెక్క అడిగే హక్కు



గోదావరి వరద కబురు యానాం వాళ్లకు ధవళేశ్వరం నుంచి వస్తుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. గౌతమి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇవి ఎక్కాల్లాంటివి. అయితే ఆ మట్టానికి ఏ వీధిలోకి నీళ్లొస్తాయి, ఏ గట్టు ఎంత ఎత్తుంది, జనాన్ని ఎక్కడికి చేరుస్తారు అన్న సంగతులు చాలాకాలం దస్త్రాల్లోనే ఉండిపోయాయి. ఆ దస్త్రం చూపించమని మామూలు మనిషి అడగగలిగే రోజు ఎలా వచ్చిందో చెప్పుకుందాం.

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. యానాం చట్టరీత్యా భారతదేశంలో చేరింది కూడా 1962లో ఆగస్టు 16నే! ఆ వరద ఎంతవరకు వచ్చిందంటే పెద్దలు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. కాని ఇల్లు కట్టుకునేవాడికి పునాది ఎంత లేపాలో తెలియడానికి చెయ్యి చాలదు, కొలత కావాలి. ఆ కొలత ఆఫీసులో ఉంటుంది. వెళ్లి అడిగితే ఆ కాలంలో వచ్చే జవాబు "నీకెందుకయ్యా?" అని. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేర్పిన అలవాటు అది.

1990 దశకంలో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు తమ పనుల మస్టరు చూపించమని పట్టుబట్టారు. తమిళనాడు 1997లో, కర్ణాటక 2000లో సొంత చట్టాలు చేసుకున్నాయి. దేశమంతటికీ సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. అదే ఏడు వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలంది. అంటే కాగితం తయారుచేయడం ఒక చట్టం వంతు, చూపించడం మరొక చట్టం వంతు.

"మాస్టారూ, ఒక అర్జీ రాసిపెట్టండి" అని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. "వరద వివరాలన్నీ ఇప్పించండి" అని రాస్తే ఏమీ రాదు. ఫలానా గట్టు ఎత్తు, చివరిసారి మరమ్మతు చేసిన తేదీ, మునక ప్రాంతాల పటం, పునరావాస కేంద్రాల జాబితా అని విడివిడిగా అడగాలి. ఎందుకని కారణం చెప్పనక్కరలేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే పై అధికారికి అప్పీలు. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారాన్ని నిరాకరించడానికి కారణాలు కూడా చాలావరకు తగ్గిపోతాయి. 1986 నాటి కొలతలు అడిగేవారికి ఇది పెద్ద బలం.

యానాంలో ఒక చిక్కుంది. బ్యారేజీ ఆంధ్రప్రదేశ్‌ది, ఊరు పుదుచ్చేరిది. నీటి లెక్క ఒక ప్రభుత్వం దగ్గర, ఊరి ప్రణాళిక మరొక ప్రభుత్వం దగ్గర. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి యానాం మునిగినప్పుడు నీళ్లు ఈ సరిహద్దును పట్టించుకోలేదు గాని, అర్జీ మాత్రం రెండు చోట్లా పెట్టుకోవడమే మేలు.

భాష మాటకొస్తే, అర్జీ ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. యానాం వారికి తెలుగు చెల్లుతుంది. బరంపురం, హోసూరు, బళ్లారి తెలుగువారు ఒడియా, తమిళం, కన్నడం తెలిసిన పిల్లల చేత రాయించుకోవచ్చు. ఇంట్లో రెండు భాషలున్నందుకు ఇక్కడ కాస్త లాభమే.

కేంద్ర నిబంధనల ప్రకారం అర్జీకి 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. ఆఫీసుకు వెళ్లి దస్త్రం చూసుకుంటే మొదటి గంటకు రుసుము లేదు. పటాల విషయంలో అలా వెళ్లి చూడటమే మంచిది. జిరాక్సులో గట్ల గీతలు, కాలవల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.