అవతారికలో కల

పాత తెలుగు కావ్యం కథతో మొదలుకాదు. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు దాటాకే కథలోకి ప్రవేశం. అవతారిక అనే ఈ ముందుభాగంలోనే కవి తాను కావ్యం ఎందుకు రాస్తున్నదీ, ఎవరికి అంకితమిస్తున్నదీ చెబుతాడు. తెలుగులో ఎన్నదగిన రెండు కావ్యాల విషయంలో ఆ కారణం రాత్రి నిద్రలో వచ్చిన కల. కల చెప్పిన పనిని పగలు నెరవేర్చడం, అందుకు ఊరందరినీ సాక్షిగా నిలపడం అనే ఆచారం తెలుగు సాహిత్యంలో ఇలా కనిపిస్తుంది.

ఆ కాలపు చదువరులు కలలన్నిటినీ ఒకే గాట కట్టలేదు. చరకసంహిత ఇంద్రియస్థానం కలలను ఏడు రకాలుగా విడదీసింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి కలలుగా వస్తే వాటికి ఫలం లేదన్నది. జరగబోయేదాన్ని సూచించే కలా, వాతపిత్తకఫాల దోషం వల్ల పుట్టే కలా మాత్రమే లెక్కలోకి వస్తాయి. పగటి కల, మరీ పొట్టిదీ మరీ పొడుగుదీ అయిన కల కూడా పనికిరావు. రాత్రి మొదటి భాగంలో వచ్చిన కలకు ఫలం తక్కువ. కల కన్నాక మళ్ళీ నిద్రపోకపోతే ఫలం గొప్పది. చెడ్డ కల వెంట మంచి కల వస్తే రెండోదే నిలుస్తుంది. మనసులో మెదిలేదే కలగా వస్తుందన్న ఎరుక ఈ విభజనలో స్పష్టంగా ఉంది. వైద్యుడు రోగి కలను అడిగి తెలుసుకోవడానికీ ఆధారం ఇదే. తెల్లవారుజాము కల నిజమవుతుందన్న మాట తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది.

13వ శతాబ్దంలో నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన తన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ రాజుకే అంకితమిచ్చాడు. భారతం దగ్గరికి వచ్చేసరికి ఆ దారి మారింది. విరాటపర్వం అవతారికలో ఆయన కల వివరం ఉంది. కలలో ముందు కనిపించింది దేవుడు కాదు, తండ్రి కొమ్మన. హరిహరనాథుని అనుగ్రహాన్ని కొడుక్కి తెలియజేయడానికి వచ్చాడు. ఆ తరవాత హరిహరనాథుడే సాక్షాత్కరించి, భారతానికి తానే కృతిపతినవుతానన్నాడు. శైవులకూ వైష్ణవులకూ పొసగని ఆ రోజుల్లో శివకేశవులను ఒకే మూర్తిగా కొలిచిన కవికి అలాంటి కల రావడం అతని బతుకుకు తగినదే. కల ఒక్క రాత్రిది, దాని ఆచరణ ఏళ్ళ తరబడి సాగింది. విరాటపర్వం నుంచి స్వర్గారోహణపర్వం దాకా 15 పర్వాలు హరిహరనాథుని సంబోధిస్తూనే నడిచాయి. కొలువులో మంత్రిగా ఉంటూ అంత పెద్ద గ్రంథాన్ని రాజుకు కాక దేవుడికి ఇవ్వడానికి కల కవికి గట్టి అండ అయింది.

15వ శతాబ్దపు పోతనది కల అనడానికి వీల్లేదు. చంద్రగ్రహణం నాడు గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద కూర్చుని, అరమోడ్పు కన్నులతో శివధ్యానం చేస్తుంటే శ్రీరాముడు కనిపించి తన పేరిట భాగవతాన్ని తెలుగు చేయమన్నాడని ఆయనే చెప్పుకున్నాడు. నిద్రకూ మెలకువకూ నడుమ జరిగిన దర్శనమది. ఆ భాగవతం అష్టమస్కంధంలోని గజేంద్రమోక్షానికి చెప్పిన ఫలశ్రుతిలో చెడ్డ కలలను పోగొట్టడం ఒకటి. పీడకల వచ్చిన మర్నాడు ఆ పద్యాలు చదువుకునే అలవాటుకు మూలం అక్కడే ఉంది.

కలను రాచకొలువు దాకా తెచ్చినవాడు శ్రీకృష్ణదేవరాయలు. ఆయన ఏలుబడి 1509 నుంచి 1529 వరకు. కళింగ దండయాత్రకు వెళ్తూ విజయవాడలో కొన్నాళ్ళు ఆగి, కృష్ణాతీరంలోని శ్రీకాకుళానికి ఆంధ్ర మహావిష్ణువు దర్శనం కోసం వెళ్ళాడు. అక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి నాలుగో జామున కల వచ్చిందని ఆముక్తమాల్యద చెబుతుంది. ఉపవాసం, క్షేత్రం, నాలుగో జాము అన్నీ శాస్త్రానికి సరిపోయాయి. కల ఫలిస్తుందని చదువరి నమ్మడానికి కావలసినవన్నీ కవి ముందే అమర్చాడు.

ఆ కలలో స్వామి మదాలసచరిత్ర, రసమంజరి వంటి రాయల సంస్కృత రచనలను ఒక్కొక్కటిగా తలచుకుని, అంతటివాడికి తెలుగు కష్టమా అని అడుగుతాడు. శ్రీరంగంలో జరిగిన తన పెళ్ళి కథ, అంటే విష్ణుచిత్తుడి కూతురు గోదాదేవి కథ రాయమంటాడు. తెలుగే ఎందుకన్న ప్రశ్న వేరెవరో అడగకముందే దానికి జవాబు కూడా చెబుతాడు. కావ్యాన్ని తిరుమల వేంకటేశ్వరుడికి అంకితం చేయమంటాడు. సామంతులందరూ చేతులు కట్టుకుని నిలిచే చక్రవర్తికి కావ్యం రాయమని చెప్పగలవాడు దేవుడు తప్ప ఇంకెవరుంటారు? అవతారికలో ఇంత బలమైన కల్పన, లేదా ఇంత నిజాయితీగల అనుభవం, తెలుగులో మరొకటి దొరకదు.

మెలకువ వచ్చాక రాయలు చేసినది ఇంకా గమనించదగింది. నిత్యకృత్యాలు ముగించి, కొలువు తీర్చి, పండితులను పిలిపించి కల వినిపించాడు. వాళ్ళు దాని ఫలాన్ని విడమరిచి చెప్పారు. ఆ తరవాతే రచనకు పూనుకున్నాడు. సభలో చెప్పిన కల మాట ఇచ్చినట్టే, వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఇది కవులకూ రాజులకూ పరిమితమైన సంగతి కాదు. భద్రాచలం స్థలపురాణం పోకల దమ్మక్క కలతో మొదలవుతుంది. భద్రగిరి మీద తానున్నానని రాముడు చెప్పాడనీ, ఆమె వెతికి విగ్రహాలు కనుక్కుని పందిరి వేసి పూజించిందనీ అక్కడివారి మాట. ఆ చోటనే 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న గుడి కట్టించాడు. అక్షరాస్యురాలో కాదో తెలియని పల్లెటూరి స్త్రీ కలకూ చక్రవర్తి కలకూ దక్కిన గౌరవం ఒక్కటే.

కలలో నిజంగా దేవుడే వచ్చాడా అన్నది తేల్చడం చరిత్రకారుడి పని కాదు. కల తరవాత జరిగిన పనికి మాత్రం రుజువులు కళ్ళ ముందే ఉన్నాయి. రాయలు దర్శించిన శ్రీకాకుళేశ్వరస్వామి గుడి కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలో ఇప్పటికీ ఉంది. ఆముక్తమాల్యద కఠినమని పక్కన పెట్టేవారు అవతారికలోని ఆ కల వరకైనా చదవాలి.