కార్బన్ నానోనాళికలు: ఆవిష్కరణ నుంచి కంప్యూటర్ వరకు

ఒక పదార్థం చరిత్రను దాన్ని ఎవరు, ఏ సంవత్సరంలో కనుగొన్నారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం ఆనవాయితీ. కార్బన్ నానోనాళికల విషయంలో ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం.

1952లో సోవియట్ శాస్త్రజ్ఞులు రాదుష్కెవిచ్, లుక్యానోవిచ్ సుమారు 50 నానోమీటర్ల వ్యాసం గల కార్బన్ గొట్టాల చిత్రాలను ప్రచురించారు. (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు.) ఆ పత్రం రష్యన్ భాషలో ఉండటం, అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం కావడం వల్ల ఇతర దేశాలలో దానికి తగిన గుర్తింపు రాలేదు. 1976లో ఒబెర్లిన్, ఎండో, కొయామా కూడా ఇటువంటి నాళికలను చూపించారు. అయితే 1991లో జపాన్‌లోని ఎన్.ఇ.సి. ప్రయోగశాలకు చెందిన సుమియో ఇజీమా పత్రం వెలువడిన తరవాతనే ప్రపంచం దృష్టి వీటిపై పడింది. 1985లో ఫుల్లరీన్‌ను కనుగొనడంతో కార్బన్ కొత్త రూపాలపై ఆసక్తి అప్పటికే పెరిగి ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం.

1993లో ఒకే గోడ గల నాళికలు లభించాయి. కార్బన్ పరమాణువుల పలుచని పొరను చాపలా చుట్టితే ఏర్పడే రూపమే ఇది. చాపను నేరుగా చుట్టవచ్చు, ఏటవాలుగానూ చుట్టవచ్చు. చుట్టిన తీరును బట్టి నాళిక లోహంలాగానో, అర్ధవాహకంలాగానో ప్రవర్తిస్తుందని 1992లోనే సిద్ధాంతకర్తలు లెక్కగట్టారు. 1998లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో డెక్కర్ బృందం ఒక అర్ధవాహక నాళికతో గది ఉష్ణోగ్రత వద్ద పనిచేసే ట్రాన్సిస్టర్‌ను తయారుచేసింది.

ఇక్కడే అసలు చిక్కు ఎదురైంది. సాధారణంగా తయారయ్యే నాళికలలో దాదాపు మూడో వంతు లోహ స్వభావం గలవి. ట్రాన్సిస్టర్ ఒక స్విచ్ వంటిది. అందులో లోహ నాళిక చేరితే విద్యుత్ ప్రవాహాన్ని పూర్తిగా ఆపడం సాధ్యంకాదు. బియ్యంలో రాళ్లు ఏరినట్లు వీటిని చేతితో ఏరివేయలేం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అర్ధవాహక నాళికలను ఆపివేసిన స్థితిలో ఉంచి, అధిక విద్యుత్తును పంపి లోహ నాళికలను కాల్చివేశారు. ఈ విధంగా 2013లో 178 ట్రాన్సిస్టర్లతో మొదటి నానోనాళికా కంప్యూటర్‌ను రూపొందించారు. 2019లో ఎం.ఐ.టి. బృందం 14,000కు పైగా ట్రాన్సిస్టర్లు గల 16 బిట్ల ప్రాసెసర్‌ను నిర్మించింది. కొన్ని లోహ నాళికలు మిగిలిపోయినా పనికి ఆటంకం కలగని విధంగా వలయాలను రూపొందించడం ఇందులోని ప్రత్యేకత. అప్పటికే మార్కెట్లో ఉన్న సిలికాన్ చిప్‌లలో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయన్న సంగతి గమనించండి.

1991 నుంచి 2019 వరకు గడిచిన 28 సంవత్సరాలలో పరిశోధకుల శ్రమలో చాలా భాగం నాళికలను శుద్ధిచేయడానికి, వరుసగా అమర్చడానికి, లోపాలను తట్టుకోవడానికి ఖర్చయింది. కాబట్టి ఏదైనా కొత్త నానోపదార్థం సిలికాన్ స్థానాన్ని ఆక్రమిస్తుందన్న వార్తను చదివినప్పుడు, ఒక్క నాళిక ఎంత బాగా పనిచేసిందన్న దానితో పాటు, కోట్ల సంఖ్యలో ఒకే తీరుగా తయారుచేయగలరా అని కూడా అడగాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: లోహ నాళికల సమస్యను 2013లోనూ, 2019లోనూ ఎదుర్కొన్న తీరులో గల భేదమేమిటి?