ఈమెయిలుకు రక్షణ యేర్పడిన వైనము

కంప్యూటరులో ఈమెయిలు ప్రోగ్రామును సిద్ధపరచుకొనునప్పుడు సర్వరు పేరు, పోర్టు సంఖ్య, పాస్‌వర్డు, వాని చెంతనే ఎస్‌ఎస్‌ఎల్, స్టార్ట్‌టీఎల్‌ఎస్ అను మాటలు మనకు గానవచ్చును. వాని యర్థమును విచారింపక, పని జరిగిన చాలునని యేదో యొకదానిని ఎంచుకొని సాగిపోవుట పలువురకు వాడుక. కాని యా చిన్న గడులలో దాదాపు అర్ధశతాబ్ది చరిత్ర యిమిడి యున్నది.

అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో పనిచేయుచుండిన రే టామ్లిన్సన్, ప్రక్కప్రక్కనే నిలిచియున్నను ఆర్పానెట్టు అను కంప్యూటరు జాలము ద్వారా మాత్రమే కలుపబడిన రెండు పీడీపీ-10 యంత్రముల నడుమ 1971లో మొదటి ఈమెయిలు సందేశమును పంపెను. ఆ జాలమును వాడువారు కొలదిమంది పరిశోధకులగుటచే ఒకరినొకరు శంకింపవలసిన యవసరము వారికి దోపలేదు. కావుననే 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ప్రకటించిన, జాబులను పంపు పద్ధతియగు ఎస్‌ఎంటీపీ నియమావళిలో, పంపినవాడు నిజముగా ఆతడేనాయని పరీక్షించు విధానము గాని, వ్రాతను మరుగుపరచు విధానము గాని లేదు. వచ్చిన జాబులను తెచ్చుకొనుటకు 1984లో పాప్, 1986లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ చేతిమీదుగా ఐమ్యాప్ వెలసినవి గాని, వానియందును పాస్‌వర్డు మఱుగులేని యక్షరములుగనే తీగలపై బోవుచుండెను.

విశ్వాసముపై నిలిచిన యీ కట్టడమునకు గణితశాస్త్రము రక్ష కల్పించినది. పూర్వము రహస్యలేఖ నడుపదలచిన యిరువురును ముందుగా నొక సంకేతమును రహస్యముగ పంచుకొనవలసి యుండెను. ఎన్నడును కలిసికొననివారికి అది యసాధ్యము. 1976లో డిఫీ, హెల్మన్ అనువారు ఈ చిక్కును విప్పు మార్గమును చూపగా, మరుసటి యేట మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ దానిని ఆచరణయోగ్య మొనర్చిరి: ప్రతివానికిని రెండు తాళపుచెవులుండును, లోకమునకు వెల్లడించిన దానితో ఎవరైనను వ్రాతను బంధింపవచ్చును, విప్పుటకు మాత్రము తనవద్దనే దాచుకొన్న రెండవది కావలెను.

ఈ విద్యను సామాన్యుని చేతికందించినవాడు ఫిల్ జిమ్మర్‌మన్. సందేశముల మూలపాఠము ప్రభుత్వమునకు లభ్యము కావలెనను బిల్లొకటి అమెరికా సెనేటు ముందున్న 1991లో, ఆయన పీజీపీ అను ప్రోగ్రామును ఉచితముగ వెలువరించెను. దోషము చేయనివారును తమ యుత్తరములను కవరులో నుంచియే పంపుదురు గదా యనునది ఆయన వాదము. గూఢలిపిని ఆయుధముగ నెంచిన నాటి ఎగుమతి చట్టమును మీరెనేమో యని 1993 మొదలు ఆయనపై సాగిన విచారణ, 1996 జనవరిలో అభియోగమేదియు లేకయే ముగిసెను. ఈలోపలనే 1995లో ఎంఐటీ ప్రెస్ ఆ ప్రోగ్రాము మూలసంకేతము నంతటిని గ్రంథముగ నచ్చొత్తించెను. ఆయుధమని యెంచబడినది పుస్తకరూపమున నిరాటంకముగ ఎల్లలు దాటగలిగెను.

మఱియొక ప్రయత్నము జాబును గాక దాని మార్గమును కాపాడుటకు జరిగినది. 1999లో స్టార్ట్‌టీఎల్‌ఎస్ నియమములు వెలువడి, మామూలుగా మొదలైన సంభాషణ నడుమనే గూఢలిపికి మరలు వీలు కలిగెను. 2018లో వెలువడిన నియమపత్రము, మొదటినుండియు గూఢముగ నడచు (ప్రోగ్రాములలో ఎస్‌ఎస్‌ఎల్ అని కనబడు) 465, 993, 995 పోర్టులనే వాడుట మేలని చెప్పినది.

ఈ రెండు రక్షణలును ఒకటి కావు. మార్గరక్షణ మధ్యనుండువాని చూపును అడ్డగించును గాని, సర్వరును చేరిన జాబు దాని యధికారికి తెరచియే యుండును. పీజీపీ జాబులోని విషయమును ఆ యధికారికిని కనబడనీయదు గాని, ఎవరు ఎవరికి వ్రాసిరో దాచజాలదు. కావున చదువరులారా, మార్గరక్షణను ఎన్నడును విడువకుడు. సర్వరు గుర్తింపును నిరూపించు ధ్రువపత్రముపై హెచ్చరిక వచ్చినచో చదువక సమ్మతింపకుడు. నిజముగ గోప్యమైన దానిని వ్రాయునపుడు గ్రహీత తాళపుచెవి ఆయనదేయని ముందుగ నిర్ధారించుకొనుడు. వ్యక్తి గోప్యత పెద్దలు పోరాడి సంపాదించిన హక్కు. దానిని నిలుపుకొనుట మన బాధ్యత.