అల్లుడి అడవి

1958లో వచ్చిన 'చెంచులక్ష్మి' సినిమా మీలో చాలామంది చూసే వుంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచుపిల్లను పెళ్ళాడాడు గదా, అందుకని నల్లమల చెంచులకాయన దేవుడే కాదు, ఇంటల్లుడు కూడాను! కనుమనాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకిలో ఊరూరా తిరిగి, తన పెళ్ళికి తానే పిలుస్తాడు. చెంచులు ఆ పల్లకివైపు బాణాలు వేస్తారు.

వాళ్ళ పల్లెను పెంట అంటారు. నవ్వకండి, అక్కడ అదే పేరు. తేనె, దుంపలు అన్నీ అడవి పెట్టినవే. 1978లో ఆ అడవి అభయారణ్యమైంది. 1983లో పులుల రక్షణ పథకంలో చేరింది. పులిని కాపాడవలసిందే, కాదనను. కాని తరతరాలుగా దాని పక్కనే బతికినవాళ్ళను బయటికి పొమ్మంటే ఎక్కడికి పోతారు చెప్పండి? 2006 చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోనిదే వాళ్ళను కదిలించకూడదు.