ఖరగ్‌పూర్ ఉత్తరాలు – పేటెంటు గడువులు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి ఖరగ్‌పూర్‌లో తెలుగు శ్రామిక కుటుంబాలు స్థిరపడుతూ వచ్చాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించడంతో వారి చిరకాల వాంఛ నెరవేరింది. తాతల నాటి ఉత్తరాలను, ఛాయాచిత్రాలను కంప్యూటరులో భద్రపరచదలచిన ఇటువంటి కుటుంబాలు ఏ ఫైలు రూపాన్ని ఎంచుకోవాలి?

ఈ సందర్భంలో జిఫ్ చరిత్ర గమనింపదగినది. కంప్యుసర్వ్ సంస్థ 1987లో ఆ రూపాన్ని వెలువరించింది. అందులో బొమ్మను కుదించే ఎల్‌జడ్‌డబ్ల్యూ పద్ధతిపై 1985లోనే అమెరికాలో పేటెంటు మంజూరైంది. టెర్రీ వెల్చ్ దాని ఆవిష్కర్త. ఆ హక్కు తరువాత యూనిసిస్ సంస్థకు సంక్రమించింది. జిఫ్ లోకమంతటా వ్యాపించిన పిమ్మట, 1994 డిసెంబరులో, దానిని వాడే ప్రోగ్రాముల తయారీదారులు రుసుము చెల్లించాలన్న ప్రకటన వెలువడింది. బాటసారులు నడిచి నడిచి ఏర్పరచిన దారికి సుంకపు గేటు పెట్టినట్లయింది. నిపుణులు కొందరు పేటెంటు చిక్కులేని కుదింపుతో పిఎన్‌జిని రూపొందించారు. 1996 అక్టోబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దానిని సిఫారసు చేసింది. జిఫ్‌ను చుట్టుకొన్న పేటెంటుకు అమెరికాలో 2003 జూన్ 20న గడువు తీరింది. అప్పటికి పిఎన్‌జి స్థిరపడిపోయింది.

భారతదేశంలో 2002 నాటి సవరణ కంప్యూటర్ ప్రోగ్రామును దానంతటదిగా పేటెంటుకు అనర్హమన్నది. 2004 చివరి ఆర్డినెన్సు ఆ నిషేధాన్ని సడలించబోగా, 2005లో పార్లమెంటు ఆ సడలింపును స్వీకరించలేదు. అయినా మనం వాడే ప్రోగ్రాములు అనేకం విదేశీయులవే గనుక అక్కడి హక్కుల ప్రభావం మనపై పడకపోదు. 2017 నుండి కొన్ని ఫోన్లు ఛాయాచిత్రాలను హెచ్‌ఇఐసి రూపంలో దాచుతున్నాయి. అందులోని కుదింపు పద్ధతిపై పేటెంట్లు ఇంకా అమలులో ఉన్నాయి. తాతగారి ఉత్తరాన్ని అటువంటి ఫోనుతో చిత్రించిన మనుమడు ఒక ప్రతిని పిఎన్‌జిలోకి మార్చి ఉంచుకోవడం మేలు.